వర్డ్‌ప్రెస్ మెనూ రివ్యూ: తెలుగు సైటుకు ఏ పద్ధతి నిలబడుతుంది?

దుకాణానికి వెబ్‌సైటు చేయించుకునేవాళ్లలో ఎక్కువమంది రంగులు, బ్యానర్లు, ఫొటోల దగ్గరే మాట ముగిస్తారు. మెనూ చివరి రోజు హడావుడిగా పడుతుంది. కానీ గిరాకి సైటు తెరిచాక మొదట వేలు పెట్టేది మెనూ మీదే. అక్కడ కావలసిన మాట కనబడకపోతే లోపల ఎంత మంచి సరుకున్నా చూడకుండానే వెళ్లిపోతాడు. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరల దుకాణాలు, మిర్యాలగూడ రైస్ మిల్లులు, పాలమూరు కోచింగ్ సెంటర్లు, నల్లగొండ ప్రైవేటు బడులు... ఇలాంటి సైట్లను దృష్టిలో పెట్టుకుని, వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో మెనూ ఏర్పాటు ఎలా ఉందో ఇక్కడ చెబుతున్నాం.

వర్డ్‌ప్రెస్‌లో మెనూ కట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి 2010లో 3.0 వెర్షన్‌తో వచ్చిన ‘మెనూస్’ తెర. వర్డ్‌ప్రెస్ అడ్మిన్ తెరలో ఎడమ పక్క అప్పియరెన్స్ కింద ఉంటుంది. రెండోది 2022 జనవరిలో 5.9 వెర్షన్‌తో వచ్చిన ‘నావిగేషన్ బ్లాక్’. ఏది దొరుకుతుందన్నది మీరు వేసుకున్న థీమ్‌ను, అంటే సైటు రూపాన్ని తీర్చే అచ్చును బట్టి ఉంటుంది. ఆస్ట్రా, జనరేట్‌ప్రెస్, కేడెన్స్ వంటి పాత తరహా థీమ్ అయితే ‘మెనూస్’ కనిపిస్తుంది. ట్వెంటీ ట్వెంటీ-ఫోర్, ట్వెంటీ ట్వెంటీ-ఫైవ్ వంటి కొత్త తరహా ‘బ్లాక్ థీమ్’ అయితే ఆ పేరు మాయమై, దాని బదులు ‘ఎడిటర్’ వస్తుంది. ‘మా సైటులో మెనూస్ అన్నదే లేదు’ అని కంగారు పడేవాళ్లకు కారణం ఇదే. కాబట్టి థీమ్ ఎంచుకునేటప్పుడే మెనూ పద్ధతినీ ఎంచుకుంటున్నట్టు లెక్క.

మా మాట ముందే చెప్పేస్తాం. సరుకు రకాలు తరచూ మారే దుకాణానికి, బతుకమ్మకో దసరాకో ప్రత్యేకంగా పేజీలు పెట్టేవాళ్లకు, తెలుగు-ఇంగ్లిష్ రెండూ కావాలనుకునేవాళ్లకు పాత ‘మెనూస్’ తెరే మేలు. దానికి 5కి 4 ఇస్తాం. నావిగేషన్ బ్లాక్‌కు 3. నాలుగైదు పేజీలతో ఏళ్ల తరబడి మారని రైస్ మిల్లు సైటుకు బ్లాక్ సరిపోతుంది, చూడ్డానికీ శుభ్రంగా ఉంటుంది.

పాత తెరలో పని ఇలా సాగుతుంది. ముందు పేజీలు, సరుకు కేటగిరీలు తయారుగా ఉండాలి. అవి లేకుండా మెనూ మొదలుపెడితే అన్నీ కస్టమ్ లింకులుగా, అంటే చిరునామా చేత్తో రాసే లింకులుగా పడతాయి, తర్వాత అవే తలనొప్పి. అప్పియరెన్స్‌లో మెనూస్ తెరిచి, మెనూకు ‘ప్రధాన మెనూ’ అని పేరు పెట్టి ‘క్రియేట్ మెనూ’ నొక్కాలి. ఎడమ పక్కన పేజీలు, పోస్టులు, కస్టమ్ లింకులు, కేటగిరీల పెట్టెలు ఉంటాయి. ఆన్‌లైన్ అమ్మకాల కోసం వేసుకునే వూకామర్స్ ప్లగిన్ ఉన్నా అక్కడ సరుకు కేటగిరీలు కనబడకపోతే, తెర పైభాగాన కుడివైపున్న ‘స్క్రీన్ ఆప్షన్స్’ తెరిచి ‘ప్రోడక్ట్ కేటగిరీస్’కు టిక్ పెట్టాలి. చాలామందికి తెలియని మూల అదే. లింక్ కొత్త ట్యాబ్‌లో తెరుచుకోవాలన్నా, ఒక్క లింక్‌కే వేరే రంగు వేయడానికి సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) క్లాస్ ఇవ్వాలన్నా ఆ టిక్కులూ అక్కడే.

కావలసినవి ఎంచి ‘యాడ్ టు మెనూ’ నొక్కాక, ఒక అంశాన్ని కొంచెం కుడివైపు జరిపితే అది పైదాని కింద ఉపమెనూ అవుతుంది. ఫోన్‌లో ఇలా లాగడం కష్టం. అంశం పక్కనున్న బాణం నొక్కితే ‘అప్ వన్’, ‘డౌన్ వన్’, ‘అండర్’ అని చిన్న లింకులు వస్తాయి. వాటితో వేలు జారకుండా పని అవుతుంది. ఒకేసారి చాలా అంశాలు తీసేయాలంటే 5.8 వెర్షన్ నుంచి ‘బల్క్ సెలెక్ట్’ ఉంది. చివర ‘డిస్‌ప్లే లొకేషన్’లో ప్రైమరీకి టిక్ పెట్టి ‘సేవ్ మెనూ’ నొక్కాలి.

ఈ టిక్ మరిచిపోతే ఏమవుతుందో తెలుసుకోవాలి, ఎందుకంటే మన దగ్గరి సైట్లలో కనబడే తప్పుల్లో ఇదొకటి. ఆ స్థానానికి మెనూ కేటాయించకపోతే చాలా థీమ్‌లలో వర్డ్‌ప్రెస్ ఖాళీగా వదలదు. ప్రచురించిన పేజీలన్నిటినీ వరసగా చూపిస్తుంది. చీరల దుకాణం సైటు పైన ‘కార్ట్’, ‘చెకౌట్’, ‘మై అకౌంట్’, వర్డ్‌ప్రెస్‌తో పాటే వచ్చిన ‘శాంపిల్ పేజ్’ బారులు తీరి కనిపిస్తే, మెనూ పాడైందని కాదు, అసలు కేటాయించలేదని అర్థం. థీమ్ మార్చినప్పుడూ ఇదే జరగొచ్చు. మెనూ ఎక్కడికీ పోదు. కొత్త థీమ్‌లో స్థానాల పేర్లు వేరు కావడంతో ముడి ఊడిపోతుంది. ‘మేనేజ్ లొకేషన్స్’లోకి వెళ్లి మళ్లీ జత చేస్తే చాలు. కొన్ని థీమ్‌లకు ఫోన్ మెనూకు వేరే స్థానం ఉంటుంది, అదీ నింపాలి.

మెనూ సెట్టింగ్స్‌లో ‘కొత్త పేజీలను తనంతట తానే చేర్చు’ అన్న అర్థంలో ఒక టిక్ ఉంది. దాన్ని పెట్టకండి. పండగ ఆఫర్‌కో, ఫేస్‌బుక్ ప్రకటనకో చేసిన పేజీ ప్రచురించిన క్షణమే మెనూలోకి ఎక్కేస్తుంది.

పాత తెరకు మేము ఎక్కువ మార్కులివ్వడానికి ముఖ్య కారణం లింకుల నమ్మకం. పేజీల పెట్టె నుంచి చేర్చిన అంశం పేజీ నంబరును పట్టుకుని ఉంటుంది. పేజీ చిరునామా మార్చినా మెనూ దానంతటదే కొత్త చిరునామాకు వెళుతుంది. పేజీని పూర్తిగా తొలగిస్తే మెనూలోని అంశం కూడా పోతుంది. చిరునామాను చేత్తో అతికించిన కస్టమ్ లింక్‌కు ఈ సుగుణం లేదు; పేజీ చిరునామా మారితే అది పాత చోటికే పంపుతుంది. కనుక కస్టమ్ లింక్ బయటి చిరునామాలకు, ఫోన్‌కు, వాట్సాప్‌కు మాత్రమే వాడాలి. ఫోన్ లింక్‌కు ఇంగ్లిష్‌లో ‘tel’, కోలన్, ఆ వెంటనే ప్లస్ 91తో నంబరు. వాట్సాప్ లింక్‌లోని నంబరుకు ప్లస్ గుర్తు ఉండకూడదు, ముందు సున్నా, మధ్యలో ఖాళీ, గీత ఏవీ ఉండకూడదు. 91తో కలిపి మొత్తం 12 అంకెలు. ప్లస్సో సున్నానో అంటుకుని వాట్సాప్ ‘నంబరు సరైంది కాదు’ అంటుంటే దుకాణదారుకు తెలియకుండానే విచారణలు పోతూ ఉంటాయి.

ఇక తెలుగు సైట్లకే ఉన్న పెద్ద చిక్కు. దీన్ని డిజైనర్లు కూడా సాధారణంగా చెప్పరు.

పేజీకి తెలుగులో శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ దాని నుంచే చిరునామా ముక్క తయారుచేస్తుంది. దాన్నే స్లగ్ అంటారు. యూనికోడ్ తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా దేనికది ఒక గుర్తు. ఒక్కో గుర్తుకు 3 బైట్లు. చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిసి 3 స్థానాలు తింటుంది. అంటే ఒక్కో తెలుగు గుర్తుకు 9 స్థానాలు. స్లగ్‌కు వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు మొత్తం 200. లెక్క కడితే 22 గుర్తులకు మించి పట్టవు. ‘పోచంపల్లి ఇక్కత్ పట్టు చీరలు’ అన్న శీర్షికలో 25 గుర్తులు, 3 ఖాళీలు. మొత్తం 228 స్థానాలు కావాలి. అందువల్ల చివరి మాట తెగిపోయి ‘చ’ దగ్గర ఆగుతుంది. తర్వాత ‘పోచంపల్లి ఇక్కత్ పట్టు చున్నీలు’ అని ఇంకో పేజీ చేస్తే అదీ అదే ‘చ’ దగ్గర తెగుతుంది. రెండూ ఒకటే కాకూడదు కాబట్టి వర్డ్‌ప్రెస్ రెండోదానికి చివర 2 తగిలిస్తుంది. ఆ చిరునామా కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే రెండు మూడు వరుసల శాతం గుర్తులుగా కనిపించవచ్చు. అది చూసి మోసపు లింకేమోనని తెరవనివాళ్లూ ఉంటారు.

దీనికి మందు తేలికే. మెనూలో కనిపించే పేరు వేరు, స్లగ్ వేరు. పేరు తెలుగులోనే ఉంచండి, స్లగ్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా రాయండి: ‘gadwal-sarees’, ‘contact’, ‘results’ చాలు. పేజీ అయితే కుడి పక్క సెట్టింగ్స్‌లో, సరుకు కేటగిరీ అయితే ప్రోడక్ట్స్ కింద కేటగిరీస్‌లో స్లగ్ గడి ఉంటుంది. ఇది ప్రచురించక ముందే చేయాలి. పోస్టులకు పాత స్లగ్‌ను వర్డ్‌ప్రెస్ గుర్తుపెట్టుకుని కొత్త చోటికి మళ్లిస్తుంది. పేజీలకు, కేటగిరీలకు అలా గుర్తుపెట్టుకోదు. మెనూ సరిగానే పనిచేస్తున్నా, అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న పాత లింక్ ‘పేజీ దొరకలేదు’ అని చూపించవచ్చు. ఇప్పటికే ప్రచురించిన సైటులో మార్చాల్సి వస్తే ‘రీడైరెక్షన్’ ప్లగిన్ వేసి, పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 (శాశ్వత) మళ్లింపు రాసుకోవాలి.

తెలుగు పేర్లలో ఇంకో ఇబ్బంది డీటీపీ సెంటర్ల నుంచి వస్తుంది. ఫ్లెక్సీలు, కరపత్రాలు అను ఫాంట్లలో కొట్టిన మాటర్ తెచ్చి మెనూలో అతికిస్తే అక్షరాలు రావు, పిచ్చి గుర్తులు వస్తాయి. అను యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంటు. మాటర్‌ను యూనికోడ్‌కు మార్చుకోవాలి, లేదా ఆ ఆరేడు పేర్లు ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొట్టుకోవాలి. ఇంత చిన్న మాటర్‌కు రెండోదే సులువు.

నావిగేషన్ బ్లాక్ సంగతికొస్తే, ఎడిటర్ తెరిచి హెడర్ మీద నొక్కి, అందులో నావిగేషన్ ఎంచుకోవాలి. కొత్త సైటులో అక్కడ ‘పేజ్ లిస్ట్’ ఉంటుంది, అంటే పేజీలన్నీ వాటంతటవే వరసకట్టిన జాబితా. దాన్ని అలాగే ఉంచి ఒక్క పేరు మార్చబోతే కుదరదు. ‘ఎడిట్’ నొక్కి విడి లింకులుగా మార్చుకుంటేనే మనకు పట్టు దొరుకుతుంది. పాత థీమ్ నుంచి వచ్చినవాళ్లు మూడు చుక్కల కింద ‘ఇంపోర్ట్ క్లాసిక్ మెనూస్’ వాడొచ్చు. అయితే అది నకలు మాత్రమే, ఆ తర్వాత రెండింటికీ సంబంధం ఉండదు.

బ్లాక్‌లో రెండు ఉచ్చులు గట్టివి. మొదటిది, పైన హెడర్‌లోనూ కింద ఫుటర్‌లోనూ ఒకే మెనూను ఎంచుకుంటే రెండూ ఒకటే వస్తువు. ఫుటర్‌లో ‘మా షాపులు’ అనవసరమని తీసేస్తే పైన కూడా పోతుంది. ఫుటర్‌కు ‘క్రియేట్ న్యూ మెనూ’తో వేరే మెనూ చేసుకోవాలి. రెండోది సేవ్ దగ్గర ఉంది. సేవ్ నొక్కితే ఏమేం మారాయో ఒక జాబితా చూపిస్తుంది: హెడర్, నావిగేషన్, ఇంకేదైనా. అందులో నావిగేషన్ టిక్ తీసేసి ఉంటే హెడర్ సేవ్ అవుతుంది, మెనూ కాదు. ‘సేవ్ చేశాం కదా’ అన్న ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడినుంచే పుడుతుంది.

ఒక మంచి గుణం ఉంది. లింక్ చేసిన పేజీని డ్రాఫ్ట్‌లోకి మారిస్తే బ్లాక్ ఆ అంశాన్ని సైటులో చూపించడం ఆపేస్తుంది, మళ్లీ ప్రచురిస్తే చూపిస్తుంది. అడ్మిషన్ల కాలంలోనే కనబడాల్సిన పేజీ ఉన్న బడులకు, కోచింగ్ సెంటర్లకు ఇది అక్కరకొస్తుంది.

ఫోన్ దగ్గర బ్లాక్‌కు మేము మార్కులు తగ్గించాం. ‘ఓవర్‌లే మెనూ’ను ‘మొబైల్’లో ఉంచితే 600 పిక్సెళ్ల కంటే తక్కువ వెడల్పున్న తెరల మీద మూడు గీతల గుర్తు వస్తుంది, ఆపైన మెనూ మొత్తం పరుచుకుంటుంది. 6.8 వెర్షన్ వరకు ఆ 600ను మార్చుకునే వీలు సెట్టింగ్స్‌లో లేదు. ఇంగ్లిష్‌లో ‘హోమ్, షాప్, అబౌట్, కాంటాక్ట్’ అంటే ఆ వెడల్పులో ఇమిడిపోతాయి. ‘గద్వాల చీరలు, నారాయణపేట చీరలు, తేలియా రుమాళ్లు, మా గురించి, సంప్రదించండి’ అంటే ట్యాబ్లెట్ మీద, అడ్డంగా పట్టుకున్న ఫోన్ మీద రెండు వరుసలై లోగో కిందికి దిగుతాయి. సీఎస్ఎస్ రాయగలిగినవాళ్లు సర్దుకోవచ్చు. రాయలేనివాళ్లకు ‘ఆల్వేస్’ ఎంచుకోవడమే దారి. అప్పుడు కంప్యూటర్ మీద కూడా మూడు గీతలే కనిపిస్తాయి. పాత తరహా థీమ్‌లలో చాలావాటికి ఈ వెడల్పు మార్చుకునే గడి ఉంటుంది. 921కో 1024కో పెంచుకుంటే తెలుగు పేర్లు హాయిగా సర్దుకుంటాయి.

ఉపమెనూలు వేలితో తెరిచేవాళ్ల కోసం కట్టాలి. ఫోన్ మీద మౌస్ ఉండదు, ‘మీద పెడితే తెరుచుకోవడం’ అన్నది పనిచేయదు. బ్లాక్‌లో ‘ఓపెన్ ఆన్ క్లిక్’ పెట్టండి. అలా పెట్టాక పై అంశం బటన్‌గా మారిపోతుంది, దాని సొంత పేజీకి దారి మూసుకుపోతుంది. అందుకని ఉపమెనూలో మొదటి వరుసగా ‘అన్ని చీరలు’ అని ఆ పేజీనే చేర్చాలి. పాత తెరలో పై అంశానికి పేజీ చిరునామా బదులు హ్యాష్ (#) గుర్తు పెట్టి వదిలేసే అలవాటు ఉంది. కొన్ని థీమ్‌లలో ఫోన్ మీద దాన్ని నొక్కితే ఏమీ జరగదు. నిజమైన పేజీ ఒకటి ఇవ్వడమే మంచిది.

నొక్కే చోటు ఎంత ఉండాలన్నదీ ముఖ్యమే. వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2 కనీసం 24 పిక్సెళ్లంటుంది, ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 48 అంటాయి. అక్షరం 16 పిక్సెళ్లు, వరుస ఎత్తు 1.6 అనుకుంటే 25.6 పిక్సెళ్లవుతుంది, పైనా కిందా 11 చొప్పున ప్యాడింగ్ (ఖాళీ చోటు) ఇస్తే దాదాపు 48. తెలుగుకు ఆ 1.6 అందం కోసం కాదు. చాలా థీమ్‌లు ఇంగ్లిష్‌ను చూసుకుని 1 లేదా 1.2 ఎత్తు పెడతాయి. ‘పట్టు’, ‘ఇక్కత్’ కింది వత్తులు, ‘స్త్రీల’లో పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు ఆ ఎత్తులో ఇమడవు, హెడర్ ఎత్తు బిగించి ఉంటే కింది వత్తు కత్తిరించినట్టు పోతుంది. థీమ్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేకపోతే విండోస్‌లో నిర్మలా యూఐ, ఫోన్‌లో ఇంకో ఫాంటు వచ్చి పడతాయి. అందుకే కంప్యూటర్‌లో బాగున్నది ఫోన్‌లో తెగుతుంది. 2024లో వచ్చిన 6.5 వెర్షన్‌లో ఫాంట్ లైబ్రరీ ఉంది. ఎడిటర్‌లో స్టైల్స్, టైపోగ్రఫీ కింద నోటో సాన్స్ తెలుగు ఫాంటో, మండలి ఫాంటో ఎక్కించి మెనూకు దాన్నే పెడితే అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. లెటర్ స్పేసింగ్ సున్నా చేయడం మరవొద్దు. అక్షరాల మధ్య ఎడం పెడితే తెలుగు మాట చెదిరినట్టు కనిపిస్తుంది.

పేర్ల ఎంపికలో మా గట్టి అభిప్రాయం ఒకటి. మెనూను జిల్లాల వారీగా విడగొట్టకండి. 2016 అక్టోబరులో పాత నల్లగొండ నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట. పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉందని కొనేవాళ్లకు అక్కర్లేదు. వాళ్లు వెతికేది పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, పుట్టపాక తేలియా అన్న పేర్లతోనే. గద్వాల కింద కాటన్, సీకో (పట్టు, నూలు కలిసినది), పట్టు అని మూడు ఉపమెనూలు చాలు. ధర, రంగు, అంచు వంటివి మెనూలోకి తేకుండా లోపలి ఫిల్టర్లకు వదలాలి. పై వరుసలో ఆరు దాటనివ్వకండి. ముప్పై కేటగిరీల లోపు దుకాణానికి మెగా మెనూ (తెరంతా పరుచుకునే పెద్ద మెనూ) ప్లగిన్లు అనవసరపు బరువు.

రెండు భాషలు కావాలంటే పాలీలాంగ్ ప్లగిన్‌తో పాత తెర చక్కగా కలుస్తుంది. మేనేజ్ లొకేషన్స్‌లో ఒక్కో స్థానం భాషకొకటిగా చీలుతుంది. తెలుగుకో మెనూ, ఇంగ్లిష్‌కో మెనూ కట్టి జత చేయాలి. భాష మార్చే బటన్‌ను రెండింటిలోనూ వేయాలి, ఒకదాంట్లోనే వేస్తే అవతలికి వెళ్లినవాళ్లు తిరిగి రాలేరు.

మెనూ మార్చినా సైటులో పాతదే కనిపిస్తే ముందు క్యాష్ (సైటు దాచుకున్న పాత నకలు) ఖాళీ చేయండి. లైట్‌స్పీడ్ ప్లగిన్ ఉంటే పై పట్టీలో ‘పర్జ్ ఆల్’ ఉంటుంది. తర్వాత ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచి, ప్రతి లింకునూ ఒక్కోసారి నొక్కి చూడండి.

వర్డ్‌ప్రెస్ మీద మా ఫిర్యాదు ఇంకొకటి ఉంది, అది రెండు పద్ధతులకూ వర్తిస్తుంది. వర్డ్‌ప్రెస్ సొంతంగా ఇచ్చే ఖాతాల్లో మెనూ మార్చే హక్కు అడ్మినిస్ట్రేటర్‌కే ఉంది. దుకాణంలో సరుకు ఎక్కించే అబ్బాయికి ‘ఎడిటర్’ ఖాతా ఇస్తే పేజీలు రాయగలడు, మెనూను ముట్టుకోలేడు. వూకామర్స్ ఇచ్చే ‘షాప్ మేనేజర్’ ఖాతాకైతే పాత తెరలో మెనూ మార్చే హక్కు ఉంటుంది. చీరల దుకాణాలకు అదే సరైన ఖాతా. వూకామర్స్ లేని బడి, మిల్లు సైట్లకు ఆ వీలు లేదు. అక్కడ అడ్మిన్ ఖాతా యజమాని సొంత ఈమెయిల్ మీద ఒకటి, సైటు చేసినవాళ్లకు వేరేగా ఒకటి ఉండాలి. సైటు అప్పగించే రోజే యజమాని తన ఖాతాతో లాగిన్ అయి, మెనూలో ఒక పేరు మార్చి సేవ్ చేసి చూసుకోవాలి. అది కుదిరాకే మిగతా డబ్బు కట్టండి.